చెరువు కట్ట – ఊరి కట్టుబాటు

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయవలసిందిగా సంపాదక మిత్రులు కోరారు. రాజుల చరిత్ర, యుద్ధాల చరిత్ర రాయడానికి పండితులు ఉన్నారు. నేను 1973లో తాలూకా ఆఫీసులో లోయర్ డివిజన్ క్లర్కుగా చేరి, ముప్ఫై అయిదేళ్ళు అనంతపురం జిల్లా రెవెన్యూ ఆఫీసులలో ఫైళ్ళు మోసి 2008లో రిటైరయిన గుమాస్తాను. నాకు తెలిసిన చరిత్ర అంతా అడంగళ్ళలోనూ, ఇనాం రిజిస్టర్లలోనూ, జమాబందీ లెక్కలలోనూ ఉంది. అందులో ఒక ముక్క, చెరువుల ముక్క, పాఠకుల ముందు పెడుతున్నాను.

ఈ రోజులలో ఏ పథకం కాగితం చూసినా "ప్రజల భాగస్వామ్యం", "స్థానిక సామర్థ్యాల పెంపు", "సుస్థిర అభివృద్ధి" అనే మాటలు కనబడతాయి. మాటలు కొత్తవి. విషయం మాత్రం మన తాతముత్తాతలకు తెలిసినదే. ఒక ఊరి జనం తమ నీటిని, తమ గట్టును, తమ చెట్టును తామే చూసుకోగల నేర్పు ఒకప్పుడు ఎలా ఉండేది, అది ఎలా చెదిరింది, మళ్ళీ ఎక్కడెక్కడ చిగురించింది అన్నదే ఈ వ్యాసం. చెరువు కట్ట ఒక్కటే ఉంటే చెరువు నిలవదనీ, దాని వెనుక ఊరి కట్టుబాటు ఉంటేనే నిలుస్తుందనీ నా సర్వీసు నాకు నేర్పింది.

పోరుమామిళ్ళ శాసనం చెప్పిన శాస్త్రం

కడప జిల్లా పోరుమామిళ్ళలో పెద్ద చెరువు ఒకటి ఉంది. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఉదయగిరి రాజ్యాన్ని పాలిస్తున్న కాలంలో దానిని కట్టించాడు. అక్కడ 1369 నాటి శాసనం ఉంది. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ కాలం పట్టిందని ఆ శాసనం లెక్క చెబుతుంది. లెక్క చెప్పే శాసనం అంటే మా బోటి గుమాస్తాలకు సహజంగానే గౌరవం.

అంతకన్నా విలువైన విషయం ఇంకొకటి ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలనీ, ఆరు దోషాలు ఉండకూడదనీ ఆ శాసనం చెబుతుంది. ధర్మం తెలిసిన ప్రభువు, జలశాస్త్రం ఎరిగిన మనిషి, గట్టి నేల, తియ్యని నీటి ఏరు, కట్టకు ఆనుకునే కొండ, రాతి గని, దిగువన సారవంతమైన భూమి ఇలా అంగాలు వరుసగా వస్తాయి. ఆ పన్నెండింటిలో నిర్మాణంలో నేర్పు గల మనుషుల బృందం కూడా ఒక అంగం. రాయి, మట్టి, నీరు ఎంత అవసరమో నేర్చిన మనుషులు కూడా అంతే అవసరమని ఆరున్నర శతాబ్దాల కిందటే రాతి మీద చెక్కించారు. నేడు మనం సామర్థ్యాల పెంపు అంటున్నది దీనినే.

దోషాలలోనూ లోకజ్ఞానం ఉంది. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, చెరువు నడుమ మెట్ట, నీరు తక్కువై సాగు నేల ఎక్కువ కావడం, నేల తక్కువై నీరు ఎక్కువ కావడం దోషాలు. రెండు రాజ్యాల సరిహద్దున చెరువు కట్టడం కూడా దోషమేనట. ఎవరి చెరువో తేలకపోతే దానిని ఎవరూ చూడరని ఆనాటివారికి తెలుసు. రెండు శాఖల నడుమ చిక్కిన చెరువు ఫైలు ఎన్నేళ్ళు తిరుగుతుందో మన సంఘ సభ్యులకు నేను చెప్పనక్కరలేదు.

మా అనంతపురం పక్కనే ఉన్న బుక్కరాయసముద్రం చెరువుకు మరొక కథ ఉంది. కట్ట తెగబోతుంటే ఊరిని కాపాడడానికి ముసలమ్మ అనే ఇల్లాలు ప్రాణత్యాగం చేసిందని జనం చెప్పుకుంటారు. కట్టమంచి రామలింగారెడ్డి గారు "ముసలమ్మ మరణం" కావ్యానికి ఆ కథనే తీసుకున్నారు. కథ నిజానిజాలు ఎలా ఉన్నా, చెరువు ఊరి ప్రాణం అన్న భావం అందులో ఉంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే సీమలో ఆ భావం పుట్టకపోతేనే వింత.

నీరుగంటి, అతని మేర

కట్టించినవాడు రాజయినా, చెరువును నిలబెట్టినవాడు నీరుగంటి. తెలంగాణలో అతనిని నీరటి అంటారు. తూము తీయడం, మూయడం, మడి మడికీ వంతు ప్రకారం నీరు కట్టడం, వానాకాలం రాత్రులు కట్ట మీద కాపలా తిరగడం, ఎలుక బొరియ, చీమల పుట్ట కనబడితే పూడ్చడం, గండి ప్రమాదం ఉంటే తప్పెట కొట్టి ఊరిని లేపడం అతని పని.

అతనికి నెల జీతం లేదు. కొన్నిచోట్ల కొద్దిపాటి మాన్యం ఉండేది. మిగతాది మేర. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు, బస్తా ఇంటికి కదలక ముందే, నీరుగంటి మేర పక్కకు తీసేవారు. ఈ ఏర్పాటులోని తెలివి గమనించండి. చివరి మడి దాకా నీరు అందితే అతని మేర పెరుగుతుంది. చివరి మడి ఎండితే అతని గింజలు కూడా తగ్గుతాయి. పైనుంచి ఏ అధికారీ తనిఖీ చేయనక్కరలేకుండా, అతని కడుపునూ కడపటి రైతు కడుపునూ ఒకే కాలువకు కట్టారు.

రిటైరయ్యాక నేను మా ఊళ్ళోనే స్థిరపడ్డాను. 2009లో ఎనభైకి చేరువలో ఉన్న మా ఊరి చివరి నీరుగంటి పెద్దాయనతో కొన్ని సాయంత్రాలు కూర్చుని ఆయనకు తెలిసినది నోటు పుస్తకంలో రాసుకున్నాను. తూము స్తంభం మీద మూడు గాట్లు ఉన్నాయి. ఏ గాటు దాకా నీరు ఉంటే ఎన్ని తడులు వస్తాయి, ఏ గాటు కిందికి దిగితే వరి మాని ఆరుతడి పంట వేయమని ఊరికి చెప్పాలి, పశువుల కోసం ఎంత నీరు కదలకుండా ఉంచాలి అన్నీ ఆయనకు కంఠతా వచ్చు. పదకొండు పేజీలు వచ్చింది. చివరన ఆయన అన్న మాట అలాగే రాశాను: "నీళ్ళు ఇడిసేది ఎవురైనా ఇడుస్తారు సార్. కట్టేసేదే కష్టం. రెడ్డి మడికైనా, నా మడికైనా వంతు అయిపోతే కట్టేయాల్సిందే."

ఆ మాటలో పెద్ద చట్టం ఉంది. నీరు మూసే అధికారం ఊరు అతనికి ఇచ్చింది. ఆ అధికారం వెనుక ఊరంతా నిలబడింది. అది లేని రోజున తూముకు ఎంత మంచి షట్టరు బిగించినా ప్రయోజనం లేదు.

దశబంధం, కుడిమరామత్తు

రోజువారీ పని నీరుగంటిది. పెద్ద మరామత్తు వస్తే ఖర్చు ఎవరిది? మన దత్తమండలాలలో దీనికి దశబంధం ఇనాం అనే ఏర్పాటు ఉండేది. ఎవరైనా సొంత ఖర్చుతో చెరువు గానీ బావి గానీ కట్టినా, బాగు చేసినా, అందుకు ప్రతిగా ప్రభుత్వం కొంత భూమిని గానీ శిస్తులో కొంత భాగాన్ని గానీ వదిలేది. పదో వంతు అనే అర్థంతో ఆ పేరు వచ్చింది. ఆ పనిని బాగోగులతో ఉంచినంత కాలమే ఇనాం చెల్లుతుంది. 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ తయారు చేయించిన ఇనాం ఫెయిర్ రిజిస్టర్లలో ఈ షరతులు నేను స్వయంగా చూశాను. కాగితం పసుపు పచ్చబడినా సిరా మాత్రం చెక్కు చెదరలేదు.

ఊరంతా కలిసి చేసే పనిని కుడిమరామత్తు అన్నారు. కాలువ పూడిక తీయడం, కట్ట మీద కంప కొట్టడం, చిన్న గండ్లు పూడ్చడం ఇంటికొక మనిషి చొప్పున చేసేవారు. కంపెనీ పాలనలో శిస్తు మీద ఉన్న శ్రద్ధ చెరువు మీద లేకపోవడంతో ఈ ఆనవాయితీ సడలింది. అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ కోసం 1858లో ఒక చట్టం వచ్చింది. గండి ప్రమాదంలో ఊరి జనం పనికి రావలసిందేనని అందులో ఉంది. ఆనవాయితీగా చేయవలసిన పనికి రానివాడు ఆ పని విలువకు రెండింతలు కట్టాలని కూడా ఉంది. ఊరు మాట మీద నడిచిన పనిని ఇలా జుల్మానా మీద నడపబోయారు. అది సరిగా నడవలేదు.

1876–78 నాటి మహా కరువు ధాటికి మద్రాసు ప్రెసిడెన్సీ అతలాకుతలమయింది. దాని తరువాత 1883లో చెరువుల పునరుద్ధరణ పథకం మొదలయింది. ఒక్కొక్క చెరువునూ కొలిచి, కట్ట ఎత్తు, అలుగు మట్టం, తూము కొలతలు మెమోయిర్లుగా రాసి పెట్టారు. ఇది గొప్ప పని. అయితే ఒక విషయం గమనించాలి. అంతవరకు ఊరి నోటిలో ఉన్న లెక్క అప్పటినుంచి ఇంజనీరు గారి బీరువాలోకి చేరింది. చెరువు కొలతలు చెరువు కింది రైతుకు తెలియకుండా పోవడం అప్పుడే మొదలయింది.

పాత పద్ధతి అంతా బంగారమేనా?

ఇంతవరకు చదివినవారు నేను పాత రోజులను పొగుడుతున్నానని అనుకోవచ్చు. కానే కాదు. నీరుగంటి పని చాలావరకు దళితులదే. చెరువు ప్రాణం అతని చేతిలో ఉన్నా, ఊరి రచ్చకట్ట మీద అతనికి చోటు లేదు. కుడిమరామత్తు పేరున పేదవాడి ఒళ్ళు అరిగితే, ఎక్కువ భూమి ఉన్నవాడి మడి ముందు తడిసిన ఊళ్ళు ఉన్నాయి. ఆడవాళ్ళు పూడిక మట్టి తట్టలు మోశారు గానీ నీటి పంచాయతీలో వారి మాటకు విలువ లేదు. ఇనాములు, వెట్టి పోవాలని దేశం కోరుకున్నదంటే అందుకు న్యాయమైన కారణాలు ఉన్నాయి. నేను చెప్పేది ఒక్కటే. అన్యాయం తీసివేసేటప్పుడు దానితోపాటు ఉన్న నేర్పును, బాధ్యతను ఎక్కడ భద్రం చేయాలో ఎవరూ ఆలోచించలేదు.

కళ్ళ ముందే చెదిరిన కట్టుబాటు

1956 నాటి ఇనాముల రద్దు చట్టం తరువాత ఇనాం భూములు క్రమంగా మామూలు పట్టా భూములయ్యాయి. భూమి మిగిలింది, చెరువును చూసే షరతు పోయింది. 1984 జనవరిలో కరణాలు, మునసబుల వ్యవస్థ రద్దయింది. ఆ వ్యవస్థ మీద జనానికి ఎన్ని ఫిర్యాదులు ఉండేవో మాకందరికీ తెలుసు. అయితే ఏ సర్వే నంబరుకు ఏ కాలువ పారుతుందో చెప్పగలిగిన మనుషులు కూడా ఆనాటితో పక్కకు తప్పుకున్నారు. మా జిల్లాలో నీరుగంటి, తలారి, వెట్టి అందరూ గ్రామ సేవకులు అనే పద్దు కిందికి వచ్చారు. మేర పోయి నెలసరి గౌరవ వేతనం వచ్చింది. వారికి అది మేలే. కానీ వానాకాలం రాత్రి కట్ట మీద ఉండవలసిన మనిషి ఆఫీసు తపాలా పట్టుకుని మండల కేంద్రం బస్సు ఎక్కాడు.

అదే కాలంలో బోర్లు వచ్చాయి. చెరువు నిండితే బావిలో నీరు ఊరుతుందని తెలిసిన రైతు కూడా, బోరు వేసి స్విచ్చి నొక్కితే నీరు వచ్చేసరికి చెరువు వంక చూడడం మానేశాడు. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చాక బోర్లు ఇంకా పెరిగాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1950లలో నీటి వసతి గల సాగు భూమిలో మూడో వంతుకు పైగా చెరువుల కిందే ఉండేది. 2000 నాటికి అది ఐదో వంతు కన్నా తక్కువకు దిగింది. బావులు, బోర్లు మొదటి స్థానానికి వచ్చాయి.

నేను జమాబందీ లెక్కలు చూసిన ఏళ్ళలో ఈ మార్పు అంకెలలోనే కనబడేది. ఒకే గ్రామానికి చెరువు కింద తడి సాగు పద్దు ఫసలీ ఫసలీకీ తగ్గుతూ వచ్చింది. చెరువు గర్భంలో సర్కారు తుమ్మ పెరిగింది. వంక నుంచి చెరువుకు నీరు తెచ్చే పోటు కాలువలు పొలాలలో కలిసిపోయాయి. రికార్డులో కాలువ ఉంటుంది, నేల మీద వేరుశనగ ఉంటుంది. ఫిర్యాదు వస్తే ఒక ఆఫీసు ఇంకొక ఆఫీసుకు రాస్తుంది. వంద ఎకరాలకు పైబడిన ఆయకట్టు గల చెరువు చిన్న నీటిపారుదల శాఖది, అంతకు లోపలిది పంచాయతీది, శిఖం భూమి రెవెన్యూది, చేపలు మరొకరివి. పోరుమామిళ్ళ శాసనం చెప్పిన సరిహద్దు దోషం ప్రతి ఊరి చెరువుకూ పట్టుకుంది.

కమిటీలు, చట్టాలు

ప్రభుత్వాలు ఊరుకున్నాయని అనడం న్యాయం కాదు. మన ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు గారి అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 1994లో ఇచ్చిన నివేదిక ఆధారంగా 1995 ఏప్రిల్ 1 నుంచి వాటర్‌షెడ్ పథకాలకు కొత్త మార్గదర్శకాలు అమలులోకి వచ్చాయి. సుమారు 500 హెక్టార్ల నేలను ఒక విభాగంగా తీసుకుని, ఊరి కమిటీయే పనులు నిర్ణయించి, ఊరి ఖాతా నుంచే ఖర్చు పెట్టాలన్నారు. మొత్తం నిధులలో నూటికి అయిదు శిక్షణకు, మరొక అయిదు జనాన్ని సంఘటిత పరచడానికి వేరుగా కేటాయించారు. మట్టి పనికి తప్ప మనిషి నేర్పుకు ఎస్టిమేటులో పద్దు లేని మా కాలంలో అది కొత్త సంగతి.

1997లో ఆంధ్రప్రదేశ్ సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం వచ్చింది. ఆ ఏడే రాష్ట్రమంతటా పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిగాయి. దేశంలో ఇంత పెద్ద ఎత్తున మరెక్కడా అప్పటికి జరగలేదు. కొన్ని సంఘాలు ఏళ్ళ తరబడి నీరు చూడని చివరి భూములకు నీరిచ్చాయి. మరికొన్నిచోట్ల అధ్యక్షుడే గుత్తేదారు అయ్యాడు. ఆయకట్టులో పట్టా ఉన్నవారికే ప్రధానంగా మాట చెల్లడంతో జాలరి, గొర్రెల కాపరి, చాకలి, భూమి తమ పేరున లేని ఆడవాళ్ళు బయటనే ఉండిపోయారు. పనులు ఉన్నంత కాలం సభలు జరిగాయి. నిధులు ఆగగానే తాళాలు పడ్డాయి. చాలా ఏళ్ళు ఎన్నికలే లేకుండా గడిచి, ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరులో మళ్ళీ జరిగాయి.

ఒక సంఘానికి డబ్బు ఇవ్వడం తేలిక. లెక్క రాయడం, తగవు తీర్చడం, పెద్దవాడి మడికి కూడా వంతు అయ్యాక నీరు కట్టేయడం నేర్పడానికి కాలం పడుతుంది. పథకానికి మూడేళ్ళో అయిదేళ్ళో గడువు ఉంటుంది. చెరువుకు గడువు లేదు.

లెక్క చేతికి వచ్చిన ఊళ్ళు

ఈ చీకటిలో వెలుగు చూపిన ప్రయత్నాలు రెండు చెబుతాను. రెండూ మన నేల మీద జరిగినవే.

మొదటిది, 2003 నుంచి 2009 దాకా ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సహాయంతో నడిచిన భూగర్భ జలాల పథకం. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం జిల్లాలలో ఆరు వందలకు పైగా ఊళ్ళలో అది పని చేసింది. అందులో రైతుకు బోరు ఇవ్వలేదు, మోటారు ఇవ్వలేదు, సబ్సిడీ ఇవ్వలేదు. కొలవడం నేర్పారు. వాన ఎంత పడిందో, బోరులో నీరు ఎంత లోతున ఉందో రైతులే, ఆడవాళ్ళు కూడా, కొలిచి రిజిస్టరులో రాశారు. అందరికీ కనబడేలా గోడ మీద అంకెలు రాశారు. ఖరీఫ్ వానలు అయ్యాక ఊరంతా కూర్చుని ఈ ఏడు భూమిలో చేరిన నీరెంత, రబీ పంటలకు పట్టేది ఎంత అని లెక్క కట్టారు. ఎవరి పంటనూ ఎవరూ నిషేధించలేదు. లెక్క చూసి చాలామంది రైతులు తమంత తామే వరి తగ్గించి తక్కువ నీటి పంటలకు మళ్ళారు. మా నీరుగంటి పెద్దాయన తూము గాట్లు చూసి చెప్పినదే ఇది. ఒక్కడి తలలో ఉన్న లెక్క ఊరి గోడ మీదికి వచ్చింది. అదే తేడా, అదే మేలు.

రెండవది కల్పవల్లి. అప్పటి అనంతపురం జిల్లాలో, నేటి శ్రీ సత్యసాయి జిల్లాలో చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ మొదలయింది. ముష్టికోవెల, చుట్టుపక్కల ఊళ్ళ జనం ఆ సంస్థ తోడుతో బోడి గుట్టలను కాపాడడం మొదలు పెట్టారు. చెరువు బాగుపడాలంటే ముందు పైనున్న గుట్ట బాగుపడాలి. కాపలా పెట్టుకున్నారు, నిప్పు పడకుండా గడ్డిలో దారులు తీశారు, విత్తనాలు చల్లారు. ఎక్కువ భాగం దానంతట అదే మొలిచింది. గడ్డి, ఈత, కట్టెలు ఊళ్ళకు ఆదాయమయ్యాయి. క్రమంగా సుమారు తొమ్మిది వేల ఎకరాల నేల పచ్చబడింది. పక్షులు, జంతువులు తిరిగి వచ్చాయి. చెట్ల పెంపకందారుల పరస్పర సహాయ సహకార సంఘం పేరున ఊళ్ళు ఒక్కటయ్యాయి.

ఇందులో రెవెన్యూ గుమాస్తాకు పాఠం ఉంది. కళ్ళకు అడవి కనబడుతున్నా రికార్డులో ఆ నేల బంజరే. 2010 తరువాత ఆ గుట్టల మీద గాలిమరలు వచ్చాయి. వాటి కోసం గుట్టలు తొలిచి బాటలు వేశారు. గాలి కరెంటు మంచిదే, కాదనలేము. కానీ ఇరవై ఏళ్ళు కాపాడిన జనం అభిప్రాయానికి కాగితం మీద చోటు లేకపోయింది. వారు హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళవలసి వచ్చింది. నేర్పు ఉన్నా, శ్రమ ఉన్నా, హక్కు రికార్డులోకి ఎక్కకపోతే ఊరు ఎంత బలహీనమో ఇందువల్ల తెలుస్తుంది.

వాన చెప్పిన తీర్పు

తెలంగాణ రాష్ట్రం 2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలు పెట్టింది. గణపతిదేవుని కాలపు పాకాల, రామప్ప చెరువుల పేరు ప్రతిష్ఠలు గుర్తు చేస్తూ, 46 వేలకు పైగా చెరువులను దశలవారీగా బాగు చేయాలని సంకల్పించారు. యంత్రాలు పూడిక తీస్తే, రైతులు ఆ ఒండ్రుమట్టిని సొంత ఖర్చుతో పొలాలకు తోలుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ నీరు–చెట్టు పేరున పనులు జరిగాయి. పూడిక తీసిన చెరువు మళ్ళీ పూడకుండా చూసేది ఎవరన్న ప్రశ్న మాత్రం రెండుచోట్లా మిగిలింది.

2021 నవంబరులో రాయలసీమలో కుండపోత వానలు పడ్డాయి. తిరుపతి దగ్గర రాయలచెరువు కట్ట నుంచి నీరు ఊరుతున్నదని తెలిసి కింది ఊళ్ళను ఖాళీ చేయించారు. ఎందరో కంటి మీద కునుకు లేకుండా గడిపారు. అదృష్టవశాత్తూ కట్ట నిలిచింది.

ఆ వారంలోనే మా ఊరి చిన్న చెరువు కట్ట కూడా ఒకచోట జారింది. అప్పటికి కొన్నేళ్ళుగా మా ఊళ్ళో ఒక చెరువు కమిటీ ఉంది. దాని జమాఖర్చులు రాసేది నేనే. చేపల పాట మీద వచ్చిన డబ్బులో కొంత ఎప్పుడూ ముట్టకుండా ఉంచాలని తీర్మానం రాసి పెట్టుకున్నాము. ఆ డబ్బుతో అప్పటికే ఖాళీ గోనె సంచులు, రెండు లోడ్ల ఇసుక కొని ఉంచాము. పెద్దాయన అప్పటికి కాలం చేశారు. అలుగు పారేటప్పుడు కట్టలో ఏ చోటు మెత్తబడుతుందో ఆయన చెప్పినది నోటు పుస్తకంలో ఉంది. కుర్రవాళ్ళు నేరుగా అక్కడికే ట్రాక్టర్లు తోలారు. తెల్లవారే సరికి నాలుగు వందల బస్తాలు పడ్డాయి. మేర తీసుకున్న నీరుగంటి మనుమడు బెంగుళూరు నుంచి వచ్చి ఉన్నాడు. బస్తాలు ఎలా పేర్చాలో అతనికి తాత నేర్పిన పద్ధతి తెలుసు. ఆ రాత్రి అతని మాట అందరూ విన్నారు. తరువాత అతని తల్లిని కమిటీలో సభ్యురాలిగా తీసుకున్నాము.

అన్నీ చక్కబడ్డాయని చెప్పను. పోటు కాలువ ఆక్రమణ ఇంకా తొలగలేదు. సర్వే కోసం పెట్టిన అర్జీ ఒక ఆఫీసు నుంచి రెండుసార్లు తిరిగి వచ్చింది. ఎఫ్.ఎం.బి. నకలు జతపరచి మూడోసారి పెట్టాము. ఆక్రమించినవారిలో మా బంధువు కూడా ఉన్నాడు. పండుగకు పిలుపులు ఆగిపోయాయి. అయినా అర్జీ వెనక్కు తీసుకోలేదు.

మనం చేయదగిన పని

సోదర పెన్షనర్లకు, వారి కుటుంబ సభ్యులకు ఒక మనవి. ఊళ్ళకు డబ్బు వస్తూనే ఉంది, యంత్రాలు వస్తూనే ఉన్నాయి. కొరత ఎక్కడంటే కాగితం తెలిసిన నమ్మకమైన మనిషి దగ్గర. ఆ కాగితం మనకు తెలుసు. మనలో రెవెన్యూవారు ఉన్నారు, ఇరిగేషన్ వారు ఉన్నారు, ట్రెజరీ వారు, ఉపాధ్యాయులు ఉన్నారు.

మీ స్వగ్రామం చెరువు పేరున ఒక ఫైలు తెరవండి. గ్రామ పటం, ఎఫ్.ఎం.బి. నకళ్ళు, చెరువు మెమోయిర్ దొరికితే అది, శిఖం విస్తీర్ణం, పోటు కాలువల సర్వే నంబర్లు అందులో ఉంచండి. అడిగితే ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. ఊళ్ళో ముసలివారిని అడిగి గాట్లు, గుర్తులు, వంతులు రాసి పెట్టండి. కమిటీ ఉంటే జమాఖర్చుల పుస్తకం మీరు రాయండి. ఆరు నెలల తరువాత ఒక యువకుడికో, పొదుపు సంఘంలో లెక్కలు రాస్తున్న ఆడపిల్లకో నేర్పి, పుస్తకం వారి చేతికి ఇచ్చి మీరు పక్కన కూర్చోండి. ఇది ముఖ్యం. మనమే పట్టుకుని కూర్చుంటే మళ్ళీ లెక్క ఒక్కడి బీరువాలోకి పోతుంది.

మా ఊరి పుస్తకం ఇప్పుడు డిగ్రీ చదివిన ఒక అమ్మాయి రాస్తున్నది. నేను నెలకొకసారి కూడికలు సరిచూస్తాను. పెద్దాయన చెప్పిన పదకొండు పేజీల నకలు పంచాయతీ ఆఫీసులో ఉంది. మీ ఊరి కమిటీకి కావాలంటే తీర్మానాల నమూనా, రిజిస్టరు పద్దుల నమూనా మన సంఘం ఆఫీసులో ఇచ్చి ఉంచాను. పోస్టు ఖర్చు భరించనవసరం లేదు, వచ్చి తీసుకోండి.

సెలవు.